నా మాట వారికి అర్థం కావాలి

(సభలో మాట్లాడటం నేర్చుకునేవారి కోసం ఒక పాఠం)

ఫిరౌను దర్బారుకు వెళ్ళమని దైవాజ్ఞ అయినప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) సైన్యాన్ని అడగలేదు. ధనాన్ని అడగలేదు. తన హృదయాన్ని విశాలం చేయమని, తన పనిని సులభం చేయమని, నాలుకకు పడిన ముడిని విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ ముడి ఎందుకు విప్పాలో కూడా ఆయనే విన్నవించుకున్నారు. ప్రజలు తన మాటను అర్థం చేసుకోవాలి, అందుకు! దివ్య ఖుర్ఆన్ ‘తాహా’ సూరాలోని 25 నుంచి 28 వరకు గల ఆయతులలో ఈ దుఆ ఉంది.

ఈ దుఆ మన ఇళ్ళలో చాలామంది పిల్లలకు కంఠతా వచ్చు. పరీక్షకు వెళ్ళేముందు చదువుకుంటారు కూడా. అయితే దాని చివరి భాగం మీద మన దృష్టి అంతగా నిలవదు. ప్రజలు తనను మెచ్చుకోవాలని హజ్రత్ మూసా (అలై) కోరలేదు. తాను గొప్ప వక్తగా పేరు పొందాలని కోరలేదు. వినేవారికి మాట అర్థం కావాలని మాత్రమే కోరారు. ప్రసంగం నేర్చుకోదలచిన ప్రతి ముస్లిం సోదరుడికి, సోదరికి ఇదే మొదటి పాఠం. మాట్లాడేవాడి గొప్పతనం కోసం కాదు, వినేవాడి మేలు కోసం మాట్లాడాలి. ఈ ఒక్క సూత్రం మనసుకు పడితే మిగతా మెలకువలన్నీ దానంతటవే అర్థమవుతాయి.

అవసరం ఎవరికి?

ప్రసంగం అనగానే అది ఆలిమ్‌ల పని, నాయకుల పని అని మనం అనుకుంటాం. కాస్త ఆలోచించండి. తరగతిలో లేచి నిలబడి పాఠం చెప్పవలసిన అబ్బాయి ఉన్నాడు. మహిళా ఇజ్తిమాలో పది నిమిషాలు మాట్లాడమంటే తల వంచుకునే సోదరి ఉంది. వీధిలో మురుగుకాలువ సంగతి గ్రామసభలో చెప్పవలసిన పెద్దమనిషి ఉన్నాడు. రమజాన్ నెలలో ఇఫ్తారుకు వచ్చిన ముస్లిమేతర మిత్రులు ఉపవాసం ఎందుకని అడిగితే బదులు చెప్పవలసిన యువకుడు ఉన్నాడు. వీరందరికీ నలుగురిలో మాట్లాడటం అవసరమే.

మన తెలుగు నేలపై ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. చాలా ముస్లిం కుటుంబాలలో ఇంటి భాష ఉర్దూ, బడి భాష తెలుగు లేదా ఇంగ్లీషు. ధార్మిక విషయాలు ఉర్దూలో విని, వాటిని తెలుగులో చెప్పవలసి వచ్చేసరికి మాట తడబడుతుంది. విషయం తెలిసి కూడా నోరు మెదపలేని పరిస్థితి ఏర్పడుతుంది. మన విశ్వాసం గురించి, మన నడవడి గురించి మనం చెప్పలేకపోతే తెలియనివారు తమకు తోచినట్టు చెబుతారు. అల్లాహ్ ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాష మాట్లాడేవానిగానే పంపాడని ‘ఇబ్రాహీమ్’ సూరా 4వ ఆయతు తెలుపుతోంది. ఇరుగుపొరుగు మాట్లాడే భాషలో మంచిని స్పష్టంగా చెప్పగలగడం కూడా మన బాధ్యతలో భాగమే.

మొదట సంకల్పం

మాటకు బలం ఉంది. ఆ బలం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక సందర్భంలో చేసిన హెచ్చరికను హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. తన వద్దకు తగవు తెచ్చేవారిలో ఒకరు మరొకరికంటే వాదనలో నేర్పరి కావచ్చనీ, ఆ మాటలు విని తాను అతని పక్షాన తీర్పు చెప్పవచ్చనీ, అయితే ఆ విధంగా ఒకరికి తన సోదరుని హక్కు దక్కితే అతనికి దక్కింది నిప్పు కణికేననీ ఆయన (స) అన్నారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

చూడండి! మాట నేర్పు ఉన్నవాడికి ఎంత భయం ఉండాలో! కనుక ప్రసంగం నేర్చుకునే ముందు మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి: ‘ఈ రోజు నా మాట వల్ల ఎవరికి మేలు జరగాలి?’ జవాబు దొరికితేనే లేచి నిలబడాలి. ‘నేను బాగా మాట్లాడానని నలుగురూ అనుకోవాలి’ అన్నదే లోపలి జవాబైతే అది ప్రదర్శనా బుద్ధి (రియా) అవుతుంది. అతిగా వాగేవారిని, నోరంతా తిప్పుతూ ఆడంబరంగా మాట్లాడేవారిని దైవప్రవక్త (స) ఇష్టపడలేదని తిర్మిజీ గ్రంథంలోని హదీసు తెలుపుతోంది.

దైవప్రవక్త (స) ఎలా మాట్లాడేవారు?

ఆయన (స) ప్రసంగ పద్ధతిని సహాబాలు ఎంతో శ్రద్ధగా గమనించి మనకు అందించారు. అందులో మనం నేర్చుకోవలసినవి కొన్ని చూద్దాం.

1. నెమ్మదిగా, విడివిడిగా: ఎవరైనా లెక్కపెట్టదలిస్తే ఆయన (స) మాటలను లెక్కపెట్టగలిగేంత నిదానంగా మాట్లాడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. సభలో కొత్తగా మాట్లాడేవారు భయం వల్ల మాటలు పరుగెత్తిస్తారు. వాక్యం పూర్తయ్యాక ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు ఆగండి. ఆ మౌనం మీకు చాలా పెద్దదిగా అనిపిస్తుంది. శ్రోతకు మాత్రం విన్నది మనసులోకి ఇంకడానికి అదే సమయం.

2. ముఖ్యమైన మాటను మళ్ళీ చెప్పడం: వినేవారికి అర్థం కావాలని ఆయన (స) ఒక మాటను మూడుసార్లు చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) కథనం. ప్రసంగమంతా మళ్ళీ మళ్ళీ చెప్పమని దీని భావం కాదు. జనం ఇంటికి తీసుకువెళ్ళవలసిన ఒక్క మాట ఏదో దాన్ని మొదట, మధ్యలో, చివర చెప్పాలి.

3. క్లుప్తంగా: నమాజును దీర్ఘంగా చేసి, ఖుత్బాను క్లుప్తంగా ఇవ్వడం మనిషి వివేకానికి గుర్తు అన్న ప్రవక్త (స) బోధనను హజ్రత్ అమ్మార్ (రజి) ఉల్లేఖించారు. హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ప్రతి గురువారం ప్రజలకు హితబోధ చేసేవారు. ప్రతిరోజూ చేయమని ఒక వ్యక్తి కోరితే, మీకు విసుగు కలిగించడం నాకిష్టం లేదని, దైవప్రవక్త (స) కూడా మా విషయంలో ఇలాగే జాగ్రత్త పడేవారని చెప్పారు. పది నిమిషాలు ఇస్తే ఎనిమిది నిమిషాలకు ముగించండి. శ్రోతల సమయం కూడా మన దగ్గర అమానతే.

4. ప్రశ్నతో మేల్కొలపడం: హిజ్రీ 10వ సంవత్సరం (క్రీ.శ. 632) అంతిమ హజ్ సందర్భంగా మినాలో ఆయన (స) ఇది ఏ రోజు అని ప్రజలను అడిగి కాసేపు మౌనంగా ఉన్నారు. ఆ రోజుకు వేరే పేరు పెడతారేమోనని సహాబాలు అనుకునేంతసేపు ఆగారు. తర్వాత ఇది ఏ నెల, ఇది ఏ పట్టణం అని అలాగే అడిగారు. అందరి మనసులూ ఒక్కచోటికి చేరాక, ఈ రోజు, ఈ నెల, ఈ పట్టణం ఎంత పవిత్రమైనవో ఒకరి ప్రాణం, ధనం, గౌరవం మరొకరికి అంత పవిత్రమైనవని ప్రకటించారు. సందేశం అందజేశానా అని అడిగి, ఇక్కడ ఉన్నవారు లేనివారికి చేరవేయాలని ఆదేశించారు. హజ్రత్ అబూ బక్రా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసును ప్రసంగం నేర్చుకునేవారు మళ్ళీ మళ్ళీ చదవాలి.

5. కంటికి కట్టేలా: అయిదు పూటల నమాజు పాపాలను కడిగివేస్తుందని చెప్పడానికి ఆయన (స) ఇంటి గుమ్మం ముందు పారే నదిని, అందులో రోజుకు అయిదుసార్లు స్నానం చేసే మనిషిని పోలికగా చెప్పారు. అనాథను సాకేవాడు స్వర్గంలో తనకు ఎంత దగ్గరగా ఉంటాడో చూపుడు వేలు, మధ్య వేలు చూపి చెప్పారు. మనిషి ఆశలు ఆయుష్షును దాటి ఎలా పోతాయో నేలమీద గీతలు గీసి చూపించారు. నది, వేళ్ళు, గీతలు. పండితుడికీ పామరుడికీ తెలిసినవే ఇవన్నీ. మన ఊళ్ళో చెప్పేటప్పుడు మన బావి, మన పొలంగట్టు, మన బస్టాండు పోలికలుగా వాడుకోవాలి.

ప్రజలకు అర్థమయ్యే స్థాయిలోనే వారితో మాట్లాడాలని హజ్రత్ అలీ (రజి) బోధించారు. ఒక్కో వాక్యంలో నాలుగు అరబీ పదాలు వాడి, వాటికి అర్థం చెప్పకుండా సాగిపోతే ముందు వరుసలోని ఇద్దరికి తప్ప ఎవరికీ అందదు. తఖ్వా, తవక్కుల్, ఇఖ్లాస్ వంటి పదాలు వాడినప్పుడు వెంటనే తెలుగులో భావం చెప్పండి.

ఒక గొప్ప ప్రసంగం ఎలా సాగింది?

మక్కా వాసుల హింసను తాళలేక కొందరు ముస్లింలు క్రీ.శ. 615 నుంచి హబషా (అబిసీనియా) దేశానికి వలస వెళ్ళారు. వారిని తిరిగి అప్పగించమని అడగడానికి ఖురైషులు విలువైన కానుకలతో ఇద్దరు దూతలను పంపారు. హబషా రాజు నజాషీ క్రైస్తవుడు, న్యాయశీలి. ఆయన ముస్లింలను దర్బారుకు పిలిపించాడు. అక్కడ ఏం చెప్పాలో ముస్లింలు ముందుగానే సంప్రదించుకున్నారు. ఏమైనా సరే, తమకు తెలిసిన సత్యాన్నీ ప్రవక్త (స) నేర్పినదాన్నీ చెప్పాలని నిర్ణయించుకున్నారు. వారి తరఫున హజ్రత్ జాఫర్ బిన్ అబూ తాలిబ్ (రజి) మాట్లాడారు.

ఆ ప్రసంగ క్రమం గమనించండి. మొదట, తాము ఇంతకుముందు ఎలా ఉండేవారో చెప్పారు: విగ్రహాలను పూజించేవాళ్ళం, బంధుత్వాలు తెంచేవాళ్ళం, పొరుగువారిని బాధించేవాళ్ళం, బలవంతుడు బలహీనుణ్ణి మింగేవాడు అని. తర్వాత, తమకు బాగా తెలిసిన వంశంవాడు, సత్యసంధుడు అయిన ఒక ప్రవక్తను అల్లాహ్ పంపాడని చెప్పారు. ఆయన ఏమేమి నేర్పారో వివరించారు. ఆ తర్వాత తమపై జరిగిన హింసను చెప్పారు. చివరకు, మీ రాజ్యంలో మాకు అన్యాయం జరగదన్న ఆశతో వచ్చాం అని ముగించారు.

గతం, మార్పు, బోధన, కష్టం, విన్నపం. అయిదు మెట్లు. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు శ్రోతను చేయిపట్టి తీసుకువెళ్ళినట్టుంది. దూషణ లేదు, ప్రగల్భాలు లేవు. దైవవాణిలో ఏదైనా వినిపించమని రాజు అడిగినప్పుడు ఆయన ‘మర్యమ్’ సూరా ప్రారంభ ఆయతులు చదివారు. క్రైస్తవ రాజుకు, ఆయన మతగురువులకు దగ్గరైన విషయం అది. నజాషీ గడ్డం తడిసేలా కన్నీరు కార్చాడని ఉమ్మె సలమా (రజి) కథనం. మర్నాడు హజ్రత్ ఈసా (అలై) గురించి అడిగినప్పుడు కూడా జాఫర్ (రజి) రాజును సంతోషపెట్టడానికి మాట మార్చలేదు. ఉన్నదే చెప్పారు. శ్రోతకు దగ్గరి విషయాన్ని ఎంచుకోవడం వేరు, శ్రోత కోసం సత్యాన్ని వంచడం వేరు. ఈ తేడాను వక్త ఎన్నడూ మరువరాదు.

భయం వేస్తే?

సభలో లేచి నిలబడగానే కాళ్ళు వణకడం, గొంతు ఎండిపోవడం, అనుకున్నదంతా మరచిపోవడం చాలామందికి జరిగేదే. దీన్నే సభాకంపం అంటారు. ఇది విశ్వాస లోపం కాదు, పిరికితనం కాదు. తన సోదరుడు హారూన్ (అలై) తనకంటే ధారాళంగా మాట్లాడగలడని, అతణ్ణి తనకు తోడుగా పంపమని హజ్రత్ మూసా (అలై) అల్లాహ్‌ను కోరారు. ఫిరౌను అయితే ఆయన మాట స్పష్టంగా లేదని ఎగతాళి చేశాడు. అయినా సందేశం ఆగలేదు.

భయాన్ని తగ్గించే మార్గాలు కొన్ని ఉన్నాయి. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠతా పట్టండి. మధ్యలోని విషయాలకు చిన్న చీటీ మీద అయిదారు పదాలు రాసుకోండి. ప్రసంగమంతా రాసి చదివితే తల కాగితం మీదే ఉంటుంది, మనుషుల మీద ఉండదు. సభకు కొంచెం ముందుగా వెళ్ళి నిలబడే చోటు, మైకు చూసుకోండి. మైకును నోటికి జానెడు దూరంలో ఉంచి మామూలు గొంతుతో మాట్లాడండి. బయట లౌడ్‌స్పీకరు ఉంటే చుట్టుపక్కల ఇళ్ళలో జబ్బుపడినవారు, చదువుకునే పిల్లలు ఉంటారని గుర్తుంచుకోండి. స్వరాన్ని తగ్గించమని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశాన్ని ఖుర్ఆన్ మనకు వినిపిస్తోంది.

బాగా మాట్లాడగలిగేవారికి మరో ఉదాహరణ ఉంది. హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి) అన్సారుల వక్త, దైవప్రవక్త (స) వక్తగా పేరొందినవారు. ఆయనది పెద్ద గొంతు. ప్రవక్త స్వరం కంటే మీ స్వరాలను పెంచవద్దన్న ‘హుజురాత్’ సూరా ఆయతు అవతరించినప్పుడు, తన ఆచరణలన్నీ వృథా అయిపోయాయేమోనని ఆయన తల వంచుకుని ఇంట్లో కూర్చుండిపోయారు. ఆయన స్వర్గవాసి అని దైవప్రవక్త (స) కబురు పంపారు. గొప్ప వక్త తన గొంతు గురించే అల్లాహ్‌కు భయపడ్డారు! ఆ భయం ఉన్నచోట మాటకు గౌరవం దక్కుతుంది.

సోదరీమణులకు

మగవారే మీ చుట్టూ ఉంటున్నారు, మాకూ ఒక రోజు కేటాయించండి అని మహిళలు కోరితే దైవప్రవక్త (స) వారికోసం ఒక రోజు నిర్ణయించి ఉపదేశించారని బుఖారీ గ్రంథంలో ఉంది. హజ్రత్ అస్మా బిన్తె యజీద్ (రజి) అనే అన్సారీ మహిళ ‘మహిళల వక్త’ అని పేరు పొందారు. కనుక అడగడానికి, చెప్పడానికి మన సోదరీమణులు వెనుకాడనక్కరలేదు. ఇంట్లో పిల్లలకు మొదటి వక్త తల్లే. రాత్రి పడుకునేముందు ఆమె చెప్పే అయిదు నిమిషాల కథ మొదలు, మధ్య, ముగింపు ఉన్న చక్కని ప్రసంగమే.

ఒక నమూనా

‘పొరుగువారి హక్కులు’ అన్న అంశంపై అయిదు నిమిషాలు మాట్లాడాలనుకోండి. ఈ విధంగా అమర్చుకోవచ్చు.

ప్రారంభం (అర నిమిషం): అల్లాహ్ స్తుతి, దరూద్ తర్వాత సూటిగా ఒక ప్రశ్న. ‘మన గోడకు అవతలి ఇంట్లో ఈ వారం ఎవరికైనా జ్వరం వచ్చిందా? మనలో ఎందరికి తెలుసు?’ అని అడిగి కాస్త ఆగండి.

మొదటి విషయం (ఒకటిన్నర నిమిషాలు): పొరుగువారి గురించి జిబ్రీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, వారిని ఆస్తిలో వారసులుగా చేస్తారేమో అనిపించిందని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి.

రెండో విషయం (ఒకటిన్నర నిమిషాలు): పులుసు వండేటప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని హజ్రత్ అబూ జర్ (రజి)కు ఆయన (స) చేసిన ఉపదేశం. పేదవాడు కూడా చేయగలిగిన పని ఇది.

మూడో విషయం (ఒక నిమిషం): హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూద పొరుగింటికి పంపారా అని ఆయన ఆరా తీసిన ఉదంతం. పొరుగు హక్కుకు మతం అడ్డు కాదు.

ముగింపు (అర నిమిషం): ‘ఈ రాత్రికి ముందే ఒక్క పొరుగింటి క్షేమం కనుక్కుందాం’ అన్న ఒకే ఒక పని. పది పనులు చెబితే ఒక్కటీ జరగదు.

మొత్తం అయిదు నిమిషాలు. ఇందులో అడుగడుగునా హదీసు ఉంది, కానీ భారం లేదు. వినేవాడు ఇంటికి వెళ్ళి చేయగల పని ఉంది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

ప్రసంగం రక్తికట్టాలని నిర్ధారణ లేని హదీసులు, కల్పిత గాథలు చెప్పే అలవాటు ప్రమాదకరమైనది. సెల్‌ఫోనులో ఎవరో పంపిన మాటను ‘ప్రవక్త (స) అన్నారు’ అని సభలో చెప్పేముందు ఏ గ్రంథంలో ఉందో చూడండి. తెలియకపోతే ఆలిమ్‌ను అడగండి. ప్రవక్త (స) పేరుతో తెలిసి అబద్ధం చెప్పినవాని నివాసం నరకమన్న హదీసు ఎంతో మంది సహాబాల ద్వారా మనకు చేరింది. అలాగే, చేయనిది ఎందుకు చెబుతారని విశ్వాసులను ‘సఫ్’ సూరాలో అల్లాహ్ నిలదీశాడు. దీని అర్థం లోపం లేనివాడే మాట్లాడాలని కాదు. చెప్పే మంచిని తాను కూడా ఆచరించే ప్రయత్నంలో ఉండాలని.

ఈ నెల అభ్యాసం

ఇంటిల్లిపాదీ కలిసి ఇలా చేయవచ్చు.

మొదటి వారం: ఇషా నమాజు తర్వాత రోజుకు ఒకరు చొప్పున ఒక ఆయతు భావాన్ని తమ సొంత మాటల్లో అయిదు వాక్యాలలో, నిలబడి చెప్పాలి.

రెండో వారం: గడియారం పెట్టుకుని మూడు నిమిషాలు. ఒకే విషయం, ఒకే ఉదాహరణ.

మూడో వారం: ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు తెలుగులో, తెలుగు మాట్లాడేవారు వీలైతే ఉర్దూలో అదే విషయం చెప్పాలి. తట్టని పదాలను పుస్తకంలో రాసుకుని మర్నాడు నేర్చుకోవాలి.

నాలుగో వారం: బంధువులను, పొరుగువారిని నలుగురైదుగురిని పిలిచి వారి ముందు అయిదు నిమిషాలు.

వినేవారికి కూడా ఒక నియమం ఉంది. మాట తడబడినప్పుడు నవ్వకూడదు. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని ‘హుజురాత్’ సూరా ఆదేశించింది. చిన్నప్పుడు ఒక్కసారి నవ్వుల పాలైన పిల్లవాడు చాలా ఏళ్ళపాటు సభలో నోరు తెరవడు. ముందుగా బాగున్న ఒక విషయం చెప్పండి, తర్వాత సరిదిద్దుకోవలసిన ఒక్క విషయం చెప్పండి. ఆపైన ‘నీ మాటలో నాకు అర్థమైంది ఇది’ అని తిరిగి చెప్పండి. అది అతడు చెప్పదలచుకున్నదే అయితే ఆ ప్రసంగం నెగ్గినట్టే.

అల్లాహ్ మన హృదయాలను విశాలం చేయుగాక! మన నాలుకల ముడులు విప్పుగాక! మన మాట వినేవారికి అర్థమయ్యేలా, మనకూ వారికీ ఇహపరాలలో మేలు చేకూర్చేలా చేయుగాక! ఆమీన్.